ఈస్ట్ కణం సైజు తగాదా: 2015లో అసలేం కొలిచారు?

బేకరీ ఈస్ట్ కణం తగినంత పెరిగాకే మొగ్గ తొడిగి విభజన మొదలుపెడుతుంది. ఆ సమయాన్ని తేల్చేది విభజనను ఆపే డబ్ల్యూహెచ్ఐ5 ప్రొటీన్ పలచబడటమా, విభజనకు నెట్టే సీఎల్ఎన్3 ప్రొటీన్ పెరగడమా అన్న వాదన మళ్లీ రాజుకుంది. విభజనను నడిపే సీడీసీ జన్యువులనూ, కణం విభజనకు కట్టుబడే 'స్టార్ట్' అనే ఘట్టాన్నీ జీవశాస్త్రవేత్త హార్ట్‌వెల్ గుర్తించిన సంగతి తెలిసిందే. తగవుకు మూలం అక్కడ లేదు, 2015 నాటి కొలతల్లో ఉంది.

డబ్ల్యూహెచ్ఐ5 విభజనకు అడ్డుకట్ట అని, సీఎల్ఎన్3 ఆ అడ్డును తొలగిస్తుందని 2004లోనే తేలింది. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో ష్మోలర్, స్కోథీమ్ బృందం ఇంకో మాట చెప్పింది: జీ1 దశలో (విభజనకు ముందు కణం పెరిగే దశ) డబ్ల్యూహెచ్ఐ5 కొత్తగా దాదాపు తయారు కాదు. కణం 30 ఫెమ్టోలీటర్ల నుంచి 45కి పెరిగితే దాని గాఢత మూడింట రెండు వంతులకు పడిపోతుంది. సీఎల్ఎన్3 గాఢత మారదు కాబట్టి అడ్డు సడలుతుంది. చిన్నగా పుట్టిన పిల్ల కణం ఎక్కువసేపు ఎందుకు ఆగుతుందో దీంతో చక్కగా అర్థమవుతుంది.

అయితే ఇదంతా మెరుపు కొలత మీద నిలబడింది. ప్రొటీన్‌కు మెరిసే తోక తగిలించి, కొన్ని నిమిషాలకోసారి ఫొటో తీస్తారు. ఒక్కో ఫొటోకు 1 శాతం మెరుపు మాసిపోతే 30 ఫొటోలకు 26 శాతం పోతుంది. సరిదిద్దకపోతే అదీ పలచబడటంలాగే కనిపిస్తుంది. డబ్ల్యూహెచ్ఐ5 అణువులు కణంలో కొద్దిగానే ఉంటాయి, పైగా కణానికి సొంత మెరుపు ఉంటుంది. దాన్ని తీసివేయడంలో చిన్న తేడా వచ్చినా లెక్క తారుమారవుతుంది. తోక మెరవడానికీ కొంత సమయం పడుతుంది. ఇక కణం ఘనపరిమాణాన్ని చదునైన బొమ్మ నుంచి అంచనా కడతారు; వ్యాసార్థంలో 3 శాతం తప్పు ఘనపరిమాణంలో 9 శాతం అవుతుంది.

2019లో గ్రోనింగెన్‌లో లిట్సియోస్, హైన్‌మన్ బృందం డబ్ల్యూహెచ్ఐ5 గాఢత దాదాపు నిలకడగానే ఉందని, స్టార్ట్‌కు ముందు సీఎల్ఎన్3 ఎగబాకుతోందని చూపింది. 2020లో బార్బర్, అమీర్, మర్రే డబ్ల్యూహెచ్ఐ5 జన్యువుకు వేరే ప్రమోటర్ (జన్యువును పనిచేయించే డీఎన్ఏ భాగం) పెట్టినా సైజు నియంత్రణ చెడలేదు. డబ్ల్యూహెచ్ఐ5ను పూర్తిగా తీసేసినా కణాలు చిన్నవవుతాయి, అంతేగానీ అదుపు తప్పవు. నా దృష్టిలో బరువైన సాక్ష్యం ఇదే.

2021లో స్కోథీమ్ ప్రయోగశాలే సీఎల్ఎన్3 ప్రధానంగా డబ్ల్యూహెచ్ఐ5 మీద కాక, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 (జన్యువులను చదివే ఎంజైమ్) మీద పనిచేస్తుందని చెప్పింది. 2004 నాటి గొలుసులో ఒక లింకు అక్కడే మారింది. 2022లో ఇరుపక్షాలూ ఒకే పత్రికలో తలపడ్డాయి. పలచబడటం నిజమేనని, ప్రొటీన్ల తయారీ అంతగా పెరగదని ష్మోలర్ పక్షం మళ్లీ చెప్పింది.

ఇప్పుడు కావలసింది ఒకే స్ట్రెయిన్ (ఈస్ట్ రకం), ఒకే మీడియం (కణాలను పెంచే ద్రవం). సెంట్రిఫ్యూజ్‌తో కణాలను సైజువారీగా వేరుచేసి, మెరిసే తోక ప్రమేయం లేకుండా వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీలతో ప్రొటీన్‌ను గుర్తించే పద్ధతి) రెండు ప్రొటీన్లనూ పక్కపక్కనే కొలవాలి.