తెల్లని గోడలు, బూడిదరంగు మట్టి మిద్దెలు

స్పెయిన్ దేశపు దక్షిణాన, గ్రనాడా నగరం నుంచి బస్సులో సుమారు రెండు గంటలు కొండదారి ఎక్కితే పొకేయ్‌రా లోయ వస్తుంది. ఆ లోయ అంచున, మెట్ల మీద పేర్చిన బొమ్మలకొలువులా ఒకదాని పైన ఒకటిగా పంపనేయ్‌రా, బుబియోన్, కపిలేయ్‌రా అనే మూడు ఊళ్ళున్నాయి. అన్నిటికన్నా కిందిది సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన, అన్నిటికన్నా మీదిది 1,400 మీటర్లకు పైన ఉంటాయి. వాటి వెనుక సియెర్రా నెవాడా పర్వతశ్రేణిలోని ములాసెన్ శిఖరం 3,479 మీటర్ల ఎత్తున నిలబడి, చలికాలంలో మంచు కప్పుకుని ఉంటుంది. ఈ ప్రాంతాన్ని అల్పుహర్రా అంటారు. ఇక్కడికి వచ్చేవారిని మొదట ఆకట్టుకునేది గోడల తెలుపే అయినా, ఈ ఊళ్ళ అసలు విజ్ఞానం ఇళ్ళ కప్పుల్లోను, కొండవాలున పారే కాలువల్లోను ఉందని నా అభిప్రాయం.

తెలుపు సంగతి మనకు కొత్త కాదు, అది సున్నమే. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోతుంది. మిగిలినదానిపై నీళ్ళు పోస్తే బుసబుస పొంగి సున్నమవుతుంది. గోడకు పూసిన ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మళ్ళీ పీల్చుకుని పలుచని రాతిపొరగా గట్టిపడుతుంది. అది పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి తిప్పికొట్టడమే కాక, లోపలికి చేరిన కొద్దిపాటి వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా బయటికి వదిలేస్తుంది. నున్నని లోహపు రేకు ఎండను తిప్పికొట్టినా, ఈ రెండో పని సరిగా చేయలేదు. అందుకే ఎండలో రేకు కాలుతుంది, సున్నపు గోడ కాలదు.

గోడల నుంచి చూపు పైకెత్తితే ఆశ్చర్యం కలుగుతుంది. దక్షిణ స్పెయిన్‌లోని చాలా తెల్లని ఊళ్ళలో కనిపించే ఎర్రపెంకుల కప్పులు ఇక్కడ లేవు. ఉన్నవన్నీ సమతలంగా, బూడిదరంగులో ఉండే మట్టి మిద్దెలు. చెస్ట్‌నట్ కలప దూలాలు పరిచి, వాటి మీద కర్రలో పలకరాళ్ళో పేర్చి, ఆపైన ‘లౌనా’ అనే మట్టిని మందంగా పరుస్తారు. ఈ కొండల్లోని ఫిల్లైట్ అనే పొరలుపొరల రాయి చివికిపోగా ఏర్పడిన బంకమట్టి అది. దాని రేణువులు సన్నని రేకుల్లా ఉంటాయి కనుక, తడిసినప్పుడు ఒకదానిపై ఒకటి పడుకుని నీటికి దారి మూసేస్తాయి. మొరాకోలోని అట్లాస్ పర్వతాల పల్లెల్లోనూ ఇటువంటి ఇళ్ళే కనిపిస్తాయి.

రాయలసీమలో మట్టి మిద్దె కింద పెరిగినవారికి ఈ వర్ణన చదవగానే చవుడు గుర్తుకు రాక మానదు. దూలాలు, దంతెలు, వాటిపైన మట్టి, అన్నిటికీ మీద చవుడు: వరుస దాదాపు అదే. అయితే నీటిని ఆపే కిటుకు మాత్రం వేరు. చవుడు మట్టిలో సోడియం ఎక్కువ కావడంతో, తడి తగలగానే బంకరేణువులు విడివిడిగా చెదిరి, మట్టిలోని సన్నని రంధ్రాల్లో ఇరుక్కుని వాటిని పూడ్చేస్తాయి. పొలంలో నీరు ఇంకనివ్వక పైరును చంపే ఆ గుణమే మిద్దె మీద ఇంటిని కాపాడుతుంది. ఒకరినొకరు ఎరగని రెండు ప్రాంతాల రైతులు, తమ కాళ్ళ కింది మట్టిని పరిశీలించి, ఒకే రకం కప్పును కట్టుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. అక్కడైనా ఇక్కడైనా ఆ కప్పుకు ఎప్పటికప్పుడు కొత్త మట్టి వేస్తూ ఉండాలి. మనుషులు ఊరు వదిలితే అది కారడం మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దపు మధ్యలో అల్పుహర్రా నుంచి పనుల కోసం ఎందరో వలస వెళ్ళారు. పొకేయ్‌రా లోయ ఊళ్ళను 1982లో చారిత్రక సముదాయంగా ప్రకటించి రక్షించకపోయి ఉంటే, ఈ మిద్దెల్లో ఎన్ని మిగిలేవో చెప్పలేము.

ఇక నీరు. కాలువను ఇక్కడ ‘అసేకియా’ అంటారు; అది అరబ్బీ నుంచి వచ్చిన మాట, కాలువలూ ముస్లింలు ఈ ప్రాంతాన్ని ఏలిన కాలపువే. 1568లో తిరుగుబాటు చేసిన మోరిస్కోలను, అంటే బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లిం సంతతివారిని, ఆ తర్వాత ఇక్కడి నుంచి వెళ్ళగొట్టారు. వారి ఇళ్ళలోకి ఉత్తరాది నుంచి కొత్తవారు వచ్చారు గాని, కాలువలు ఆగలేదు. వాటిలో కొన్నింటి పని పొలాలకు నీరు పెట్టడం కాదు, దారిలోనే నీటిని పోగొట్టుకోవడం. వసంతంలో మంచు కరిగినప్పుడు కొండ పైభాగంలోనే వాగునీటిని మళ్ళించి, అడుగున గచ్చు లేని మట్టికాలువల గుండా నడిపించి, రాయి చివికి గుల్లబారిన చోట్ల ఇంకిపోనిస్తారు. వాగులో వదిలితే ఆ నీరు త్వరగా కిందికి జారిపోయేది. రాతిసందుల్లో దాని నడక ఎంతో నెమ్మది కనుక, నెలల తర్వాత, ఎండాకాలంలో కింది ఊటల్లో బయటికి వస్తుంది. ఇది ఒక కొండంత ఇంకుడుగుంత. సిమెంటు వేస్తే నీరు ఆదా అవుతుందని తోచవచ్చు గాని, ఆ కాలువకు సిమెంటు వేస్తే కింది ఊటలు ఎండుతాయి. పూడిపోయిన ఇటువంటి కాలువలను గ్రనాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటీవలి సంవత్సరాల్లో స్వచ్ఛంద కార్యకర్తలతో, స్థానిక రైతులతో కలిసి పలుగూ పారా పట్టి తిరిగి తవ్విస్తున్నారు.

వాన చినుకు అరుదైన ఆగస్టులో, తెల్లని గోడల మధ్య సందుల్లో నడిచి అలసినవారు పంపనేయ్‌రాలో వీధి ఊట దగ్గర ఆగి దోసిలి పట్టినప్పుడు, ఆ చేతుల్లోకి వచ్చేది కొన్ని నెలల కిందట కొండమీద కరిగి, ఇన్నాళ్ళూ రాతిలో నడిచి వచ్చిన మంచు.