ఒత్తు చెదిరిన అక్షరం

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్తూ, ఒక సరుకుల యాప్‌ బ్యానర్‌లో “ధర” అన్న మాటను “దర” అని చదివాను. ఫోన్‌ను దగ్గరగా తెచ్చి చూస్తే ధ కింది ఒత్తు ఉంది కానీ, బూడిదరంగు మరకలా అలుక్కుపోయి ఉంది. ఆ బ్యానర్ కిందే మామూలు అక్షరాల్లో ఉన్న “ధర” మాత్రం చెక్కినట్టు కనిపించింది.

తెర మీద అంగుళం పొడవున ఎన్ని పిక్సెళ్లు, అంటే రంగు చుక్కలు, ఇమిడాయన్నదే పిక్సెల్ సాంద్రత. అంగుళానికి 160 ఉంటే ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 0.16 మిల్లీమీటర్లు, 480 ఉంటే 0.053 మిల్లీమీటర్లు. చూపు బాగున్న కన్ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి ఇంచుమించు 0.09 మిల్లీమీటర్ల వరకే వివరాలను విడదీసి చూడగలదు. 2010లో ఐఫోన్ 4 తెర 326 పిక్సెళ్లతో ఆ హద్దు దాటింది. నేటి ఫోన్లు చాలావరకు దాన్ని మించాయి. అయినా ఆ బ్యానర్ లాంటి బొమ్మ ఎందుకు మసకబారుతుంది?

తెరకు ఎన్ని పిక్సెళ్లున్నా, బొమ్మలో లేని వివరాన్ని అది పుట్టించలేదు. ఆండ్రాయిడ్‌లో పరిమాణాలను డీపీల్లో, అంటే తెర సాంద్రతతో మారని కొలతల్లో, చెబుతారు: 160 సాంద్రత దగ్గర 1 డీపీ అంటే ఒక పిక్సెల్, 480 దగ్గర మూడు. కాబట్టి 160 తెర కోసం చేసిన బొమ్మను 480 తెర మీద అదే పరిమాణంలో చూపాలంటే, దానిలోని ఒక్కో పిక్సెల్ అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది పిక్సెళ్ల చోటు నింపాలి. ఆ అదనపు చోట్లలో ఇరుగుపొరుగు రంగులను కలిపి వేస్తారు. ఒక పిక్సెల్ మందాన ఉన్న నల్లని ఒత్తు చుట్టూ ఉన్న తెలుపుతో కలిసి బూడిదరంగులోకి దిగేది ఇక్కడే. ద‑ధ, ప‑ఫ, డ‑ఢ జంటల్లో తేడా అంతా ఆ చిన్న గీతలోనే ఉంది కనుక, ఈ నష్టం తెలుగుకు అర్థం మారేంతగా తగులుతుంది.

చాలాసార్లు కారణం చిన్నది. బొమ్మను యాప్ ఫైళ్లలో సాంద్రత పేరు లేని “డ్రాయబుల్” ఫోల్డర్‌లో పెడితే, ఆండ్రాయిడ్ దాన్ని 160 సాంద్రతకు చేసినదిగానే లెక్కగట్టి, 480 ఫోన్‌లో మూడింతలు సాగదీస్తుంది. 1080×1920 బొమ్మకు మెమరీలో సుమారు 8.3 మెగాబైట్లు చాలు. అలా సాగితే తొమ్మిది రెట్లు, అంటే దాదాపు 75 మెగాబైట్లు పడుతుంది. తక్కువ మెమరీ ఉన్న ఫోన్‌లో యాప్ మూతపడటానికి ఇదొక్కటే చాలు.

24 డీపీల ఐకాన్‌ను 24, 36, 48, 72, 96 పిక్సెళ్లలో వేర్వేరుగా ఇవ్వడం పాత పద్ధతి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి గీతల సూత్రాలుగా ఉండే వెక్టర్ బొమ్మ ఒక్కటే అన్ని తెరలకూ సరిపోతోంది. చార్మినార్ ఫోటోకు అది పనికిరాదు. దానికి తగినన్ని పిక్సెళ్లున్న ఫైలే కావాలి. కానీ ఆ ఫోటో మీది తెలుగు మాటను బొమ్మలో కలిపేయకుండా అక్షరాలుగానే ఉంచితే, ఫాంట్‌లోని ఒంపులను ఫోన్ తన సాంద్రతకు తగ్గట్టు అప్పటికప్పుడు గీసుకుంటుంది, ధ కింది ఒత్తుతో సహా.