నాచు ఇంధనం: రోస్వెల్ కుంటలు అప్పుడే తేల్చిన లెక్క

పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తో నాచును పెంచి, దాని నూనెతో విమానాలు నడపొచ్చన్న మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. అమెరికాలో 2025 జులైలో వచ్చిన పన్ను చట్టమే ఇందుకు ఊపిరి. ఫ్యాక్టరీల పొగలోంచి పట్టిన కార్బన్‌ను భూగర్భంలో దాచేవారికి అంతకుముందు టన్నుకు గరిష్ఠంగా 85 డాలర్ల పన్ను రాయితీ ఉండేది. దాన్ని వేరే పనికి వాడుకునేవారికి 60 డాలర్లే. కొత్త యూనిట్లకు ఇప్పుడు రెండూ 85. కిరణజన్య సంయోగక్రియతో, అంటే నాచు పెంపకంతో, కార్బన్‌ను బంధించడం కూడా వాడకమేనని 2018లోనే చట్టంలో రాశారు. రాళ్ల కింద శాశ్వతంగా ఉండిపోయే టన్ను, ఇంధనంగా మారి కొన్ని నెలల్లో మళ్లీ గాల్లో కలిసే టన్ను ఒకటేనా అన్నది ఇవాళ్టి తగువు.

1970ల చమురు సంక్షోభం, అమెరికా ఇంధన శాఖ 1978లో నాచు పరిశోధన మొదలుపెట్టడం తెలిసిన సంగతులే. నా దృష్టిలో అసలు మలుపు 1980ల చివర్లో, న్యూమెక్సికోలోని రోస్వెల్ ఎడారిలో వచ్చింది. ఆ పరిశోధన కార్యక్రమంలో భాగంగా అక్కడ వెయ్యి చదరపు మీటర్ల కుంటలు తవ్వి, తెడ్డు చక్రాలతో నీటిని తిప్పుతూ, కార్బన్ డయాక్సైడ్ వదిలారు. వదిలిన వాయువులో 90 శాతానికి పైగా వినియోగమైంది. కొన్ని మంచి రోజుల్లో ఒక్క రోజుకే చదరపు మీటరుకు 50 గ్రాముల నాచు వచ్చింది. కానీ ఎడారి చలికి నీళ్లు చల్లబడటంతో ఏడాది సగటు రోజుకు 10 గ్రాముల దగ్గరే ఆగింది.

ఆ 10 గ్రాములే మిగతా కథంతా చెబుతాయి. కిలో నాచుకు సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. అంటే ఏటా పది లక్షల టన్నుల వాయువును రోస్వెల్ సగటుతో మింగించాలంటే దాదాపు 37 వేల ఎకరాల కుంటలు ఉండాలి. పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం వదిలేది దానికి ఎన్నో రెట్లు. పైగా కేంద్రం రాత్రీపగలూ పొగ వదులుతుంది, నాచు ఎండ ఉన్నంతసేపే తింటుంది.

ఇంకో చేదు నిజం కూడా అప్పుడే బయటపడింది. పోషకాలు తగ్గించి నాచును పస్తు పెడితే కణంలో నూనె శాతం పెరుగుతుంది, కానీ ఎదుగుదల పడిపోతుంది. మొత్తం మీద దక్కే నూనె పెరగదు. నూనె తయారీకి కీలకమనుకున్న ఒక జన్యువును ఎక్కువగా పనిచేయించి చూసినా ఫలితం రాలేదు. ల్యాబ్‌లో మెప్పించిన రకాలు బయటి కుంటలో నిలవలేక, స్థానిక నాచుకు చోటిచ్చేశాయి. సుమారు రెండున్నర కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1996లో కార్యక్రమం మూతపడింది. ఇవన్నీ 1998 ముగింపు నివేదికలో స్పష్టంగా ఉన్నాయి.

కుంటల దగ్గర పనిచేసినవారి మాట ఎవరైనా విని ఉంటే తర్వాతి పాతికేళ్లు వేరుగా ఉండేవి. గ్రీన్‌ఫ్యూయల్ అనే కంపెనీ అరిజోనాలోని రెడ్‌హాక్ విద్యుత్ కేంద్రం పొగతో నాచు పెంచింది. కోసుకునే వేగాన్ని మించి అది పెరిగిపోయింది. ఖర్చులూ తట్టుకోలేక 2009లో కంపెనీ మూతపడింది. అదే ఏడాది చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ 60 కోట్ల డాలర్ల దాకా పెడతామంటూ జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ సంస్థతో చేతులు కలిపింది. నూనె శాతాన్ని సుమారు 20 నుంచి 40కి పైగా పెంచామని 2017లో ప్రకటించారు. శాస్త్రంగా అది గొప్ప పనే. 2025 నాటికి రోజుకు 10 వేల బ్యారెళ్ల సామర్థ్యం సాధిస్తామని మరుసటి ఏడాది చెప్పారు. ఎక్సాన్ తప్పుకుందని 2023 ఆరంభంలో బయటికొచ్చింది.

కంపెనీల వాదన వేరు: అదే కార్బన్ రెండోసారి పనికొస్తోంది, ఆ మేరకు పెట్రోలియం తగ్గుతోంది. ఇందులో నిజం లేకపోలేదు. అందుకే ఈ రాయితీ కోరేవారు మొదటి నుంచి చివరి దాకా ఉద్గారాల లెక్క చూపాలని నిబంధన ఉంది. దాన్ని ఇంధన శాఖ పరిశీలిస్తుంది, పన్నుల విభాగం ఆమోదిస్తుంది. వాళ్లు ముందుగా అడగాల్సింది ఒకటే అంకె: బయటి కుంటలో, చలికాలంతో కలిపి, ఏడాది సగటు ఎంత?