"ఆంటీ, సభలో కూడా సెట్టింగేనా?" – లోక్‌సభ ఓటింగ్‌పై అపోహలు, వాస్తవాలు

2024 డిసెంబరు 17 మధ్యాహ్నం. బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు ఫొటోలు వచ్చి పడ్డాయి. లోక్‌సభలో జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టడానికి జరిగిన ఓటింగ్ అది. మొదటి ఫొటోలో అనుకూలం 220, వ్యతిరేకం 149. కాసేపటి తర్వాత తీసిన రెండో దాంట్లో 269, 198. పక్క ఫ్లాట్ నెల్లూరు అబ్బాయికి లెక్కలంటే ప్రాణం. సాయంత్రం లిఫ్టు దగ్గర పట్టుకున్నాడు. "ఆంటీ, రెండు వైపులా కరెక్టుగా 49 చొప్పున పెరిగాయి చూశారా? ఇదేదో సెట్టింగ్ కదూ?"

నన్నే ఎందుకు అడిగాడంటే, లోక్‌సభలో రిపోర్టర్‌గా ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. రిపోర్టర్ అనగానే మైకు పట్టుకున్న విలేకరి అనుకుంటారు. అది కాదు. స్పీకర్ ఎదురుగా సభ మధ్యలో ఉన్న బల్ల దగ్గర కూర్చుని, సభ్యులు మాట్లాడే ప్రతి మాటా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం మా పని. ఐదేసి నిమిషాల వంతు. వంతు అవగానే లేచి వెళ్లి రాసింది టైపు చేయాలి, అది ముగిసేసరికి మళ్లీ వంతు. మా అత్తగారు ఊళ్లో అందరికీ "కోడలు పార్లమెంటులో గుమాస్తా" అని చెప్పేవారు. ఇప్పుడు అనంతపురం వెళ్లినా, బెంగళూరులో వాకింగ్‌కు వెళ్లినా అడిగే ప్రశ్నలు ఒకటే. అందుకే ఒకసారి రాసిపెడుతున్నాను.

అపోహ: ఓటింగ్ అంకెలు మధ్యలో మారాయంటే గోల్‌మాల్ జరిగినట్టే

ముందు యంత్రం సంగతి. 1957లోనే లోక్‌సభలో ఓట్లు నమోదు చేసే యంత్రం పెట్టారు. అప్పటి స్పీకర్ తిరుచానూరు వారైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ప్రతి సభ్యుడి సీటు దగ్గరా బటన్లు ఉంటాయి: ఆకుపచ్చ అవునంటే, ఎరుపు కాదంటే, పసుపు తటస్థం. గంట మోగగానే ఓటు బటన్‌తో పాటు ఇంకో స్విచ్ కూడా ఒకేసారి నొక్కి, రెండో గంట మోగేదాకా పట్టుకునే ఉండాలి. పది సెకన్లు. తొందరపడి ముందే వదిలేసినా, ఒక్క చెయ్యే పెట్టినా ఓటు పడదు. అయిదుసార్లు గెలిచిన సభ్యులు కూడా ఇక్కడ తడబడటం కళ్లారా చూశాను.

అందుకే స్పీకర్ ఫలితం చదివేటప్పుడు "సవరణలకు లోబడి" అంటారు. బటన్ పనిచేయనివాళ్లు, తప్పు నొక్కినవాళ్లు అక్కడికక్కడే చీటీ మీద రాసి ఇస్తారు. అవి కలిపాకే అసలు లెక్క. ఆ రోజు యంత్రంలో పడినవి 369 ఓట్లు, చీటీలు కలిశాక 467. పైగా కొత్త భవనంలో యంత్రంతో జరిగిన మొదటి ఓటింగ్ అదే. రెండు వైపులా 49 రావడం కాకతాళీయం. ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా అచ్చవుతుంది నాయనా, తన ఓటు అటుదిటు అయితే ముందు అరిచేది ఆ ఎంపీయే అన్నాను. అబ్బాయి ఒప్పుకున్నట్టే తల ఊపాడు గానీ, మొహం చూస్తే సెట్టింగ్ అయితేనే బావుండేదన్నట్టుంది.

మర్నాడు వాకింగులో కర్నూలు పెద్దాయన ఇంకో ప్రశ్న. "రాజ్యాంగ సవరణకు మూడింట రెండొంతులు కావాలి కదమ్మా, 467లో 312 రావాలి. 269తో ఎట్లా గట్టెక్కింది?" గట్టెక్కింది బిల్లు కాదు, బిల్లును ప్రవేశపెట్టడం మాత్రమే. దానికి మామూలు మెజారిటీ చాలు. ప్రత్యేక మెజారిటీ లెక్క బిల్లును పరిశీలించి ఆమోదించే దశలో వస్తుంది. అప్పుడు హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులే కాదు, సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కూడా కావాలి. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. అప్పటికి కొత్త భవనంలో యంత్రం వాడకంలోకి రాలేదు, మొత్తం చీటీలతోనే సాగింది.

అపోహ: మూజువాణి ఓటులో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లదే గెలుపు

మూజువాణి అంటే నోటి మాట. ఉర్దూ నుంచి వచ్చి మన పత్రికల్లో స్థిరపడిపోయిన పదం. స్పీకర్ ప్రశ్న పెడతారు, ఒప్పుకునేవాళ్లు అవునంటారు, ఒప్పుకోనివాళ్లు కాదంటారు. తర్వాత స్పీకర్ అనే మాట జాగ్రత్తగా వినండి: "అవునన్నవారిదే పైచేయి అని నేను అనుకుంటున్నాను." అనుకుంటున్నాను అనడంలోనే కిటుకంతా ఉంది. అప్పటికి అది స్పీకర్ అంచనా మాత్రమే. ఎవరూ అడ్డు చెప్పకపోతే అదే నిర్ణయమవుతుంది. ఒక సభ్యుడు లేచి "కాదు, డివిజన్ కావాలి", అంటే ఓట్లు లెక్కపెట్టండి అంటే కథ మారుతుంది. లాబీలు ఖాళీ చేయమంటారు, గంటలు మోగుతాయి. మూడున్నర నిమిషాలు.

ఆ మూడున్నర నిమిషాలు మా బల్ల దగ్గర కూర్చుని చూడాలి. లైబ్రరీలో, కమిటీ గదుల్లో, క్యాంటీన్లో ఉన్నవాళ్లంతా పరుగు. కండువా ఒక భుజం మీద, ఫైలు ఇంకో చేతిలో. మోకాళ్ల నొప్పులని చెప్పుకునే పెద్దమనుషులు కూడా ఆ రోజు పరుగెత్తుతారు. గంట ఆగగానే తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత ఎంతటివారు వచ్చినా బయట ఉండిపోవాల్సిందే. స్పీకర్ మళ్లీ ప్రశ్న పెడతారు, అప్పుడూ ఒప్పుకోకపోతే ఓట్లు నమోదవుతాయి. అనవసరంగా డివిజన్ అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యుల్ని సీట్లలోనే లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి సరిపెట్టేయవచ్చు. అప్పుడు పేర్లు నమోదు కావు.

మూజువాణిలో మీ ఎంపీ అవునన్నాడో కాదన్నాడో ఎక్కడా ఉండదు. నేను ఆ బల్ల దగ్గర కూర్చుని రాసినా రాయగలిగింది ఇంతే: తీర్మానం ఆమోదం పొందింది. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభ దాటింది మూజువాణితోనే. ఆ రోజు టీవీ ప్రసారం ఆగిపోయింది కాబట్టి రికార్డే లేదని మన వాళ్లలో చాలామంది నమ్మకం. ప్రసారం వేరు, సభ కార్యకలాపాల నమోదు వేరు. కెమెరా ఆగినా రిపోర్టరు కలం ఆగదు. లేనిది పేర్ల జాబితా ఒక్కటే.

ఒక్క ఓటు విలువ ఎంతో తెలియాలంటే 1999 ఏప్రిల్ 17 చూడాలి. వాజ్‌పేయి ప్రభుత్వానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. అప్పటికి నేనింకా ఉద్యోగంలో చేరలేదు, ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాను. ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. స్పీకరు మామూలుగా ఓటెయ్యరు, రెండు వైపులా సరిసమానమైతేనే వేస్తారు. అక్కడ ఒక ఓటు తేడా ఉంది కాబట్టి ఆయనకు ఆ అవసరమే పడలేదు.

అపోహ: మంత్రి అయితే చాలు, ఏ సభలోనైనా ఓటు ఉంటుంది

ఉండదు. మంత్రి ఏ సభలోనైనా మాట్లాడవచ్చు, ఓటు మాత్రం తాను సభ్యులుగా ఉన్న సభలోనే. మన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్ గారు కర్ణాటక నుంచి రాజ్యసభ సభ్యురాలు. లోక్‌సభలో బడ్జెట్ పెట్టేది ఆమే, దాని మీద జరిగే ఓటింగులో మాత్రం ఆమెకు ఓటు లేదు. బెంగళూరులో ఈ మాట చెబితే సగం మంది నమ్మరు.

బడ్జెట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ప్రతి శాఖ పద్దు మీదా, అంటే ఆ శాఖ ఖర్చుకు సభను అడిగే డబ్బు మీదా, రోజుల తరబడి చర్చ జరుగుతుందనుకుంటారు. కొన్ని శాఖలవే చర్చకు వస్తాయి. కేటాయించిన చివరి రోజు సాయంత్రం మిగిలినవన్నీ కట్టగట్టి ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. దీన్ని గిలెటిన్ అంటారు. తలలు నరికే యంత్రం పేరు, తగినట్టే ఉంది. 2023 మార్చి 23న చర్చ లేకుండానే పద్దులన్నీ అలా ఆమోదం పొందాయి. ప్రతిపక్షాలు కోత తీర్మానాలు ఇస్తాయి. వాటిలో ఒక రకం ఫలానా పద్దులో 100 రూపాయలు తగ్గించమంటుంది. వంద రూపాయలేమిటని నవ్వకండి. అది నెగ్గితే ప్రభుత్వానికి సభలో మెజారిటీ లేదన్నట్టే. నా సర్వీసులో ఒక్కటీ నెగ్గగా చూడలేదు.

అపోహ: సీట్లు ఖాళీగా ఉన్నాయంటే ఎంపీలంతా ఎగ్గొట్టినట్టే

కొందరు ఎగ్గొడతారు, నిజమే. వాళ్లను వెనకేసుకురావాలని నాకేం లేదు. కానీ శాఖలవారీ స్థాయీ సంఘాలు, అంటే ఎంపీల కమిటీలు, 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది. ఆ గదుల్లో కెమెరాలు ఉండవు. బిల్లును వాక్యం వాక్యంగా చదివే పని జరిగేది అక్కడే. ఇక సభ నడవాలంటే కోరం ఉండాలి, అంటే మొత్తం సభ్యుల్లో పదో వంతు. లోక్‌సభలో 543 మందికి 55. తక్కువయ్యారని ఎవరైనా లేచి అడిగితే గంట కొడతారు. భోజనాల వేళ అడగకపోవడం ఆనవాయితీ. అందరికీ ఆకలే కదా.

అపోహ: 12 గంటలకు చదివే కాగితాల జాబితా టైం వేస్టు

ఇది మాత్రం నాకు చిరాకు. ఉదయం 11 నుంచి ప్రశ్నోత్తరాలు. నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు రోజుకు 20 పడతాయి, అనుబంధ ప్రశ్నల వల్ల చాలా రోజులు అందులో అయిదారు కూడా పూర్తికావు. రాతపూర్వక జవాబులు 230. 12 దాటగానే మంత్రులు ఒక్కొక్కరే లేచి ఫలానా వార్షిక నివేదిక, ఫలానా నోటిఫికేషన్ సభ ముందు ఉంచుతున్నానని గొణుగుతారు. టీవీ ఛానళ్లు అప్పుడే యాడ్లు వేసుకుంటాయి. ఆ నోటిఫికేషన్లలో చట్టాల కింద చేసిన నియమాలు ఉంటాయి. మామూలుగా అవి 30 రోజులు సభ ముందు ఉండాలి. ఆలోగా సభ వాటిని మార్చమనవచ్చు, రద్దు చేయమనవచ్చు. మీ పీఎఫ్ నుంచి ప్యాకెట్ మీద లేబుల్ దాకా రోజూ తగిలేది చట్టం కన్నా ఈ నియమాలే. ఆ రెండు నిమిషాల గొణుగుడులో ఎన్నిసార్లు ఆసక్తికరమైన పేరు విని, వంతు అయ్యాక లైబ్రరీకి వెళ్లి చదువుకున్నానో.

ఆ వెంటనే, సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్ వస్తుంది. అది నియమావళిలో లేదు, అరవైల నాటి అలవాటు. గంటసేపు ఉండాలనీ లేదు. అయినా ఎవరికి తోచింది వాళ్లు లేచి మాట్లాడరు. ముందే నోటీసు ఇవ్వాలి, లాటరీ తీస్తారు.

అపోహ: రికార్డుల నుంచి తొలగించారంటే ఇక ఆ మాట లేనట్టే

మేం వినేస్తాం, రాసేస్తాం. స్పీకర్ ఆదేశం వచ్చాక అచ్చులో ఆ చోట నక్షత్ర గుర్తులు పెడతారు. చదివేవాళ్లకు అక్కడ ఏదో ఉండేదని తెలుస్తూనే ఉంటుంది. ఏం ఉండేదో మాత్రం తెలియదు. సభ్యులకు తమ ప్రసంగం కాపీ దిద్దుకోవడానికి వెళుతుంది. పొరపాట్లు దిద్దవచ్చు, మెరుగులు దిద్దకూడదు. ఒకసారి ఒక పెద్దమనిషి సభలో చెప్పడం మరిచిపోయిన వేమన పద్యాన్ని కాపీలో ఇరికించి పంపారు. పద్యం మంచిదే. తీసేశాం.

తెలుగులో మాట్లాడితే రికార్డుకు ఎక్కదనుకునేవాళ్లూ ఉన్నారు. ఎక్కుతుంది. అనువాదకులు అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెబుతారు, రిపోర్టరు అది రాసుకుంటారు, అచ్చులో ఇది తెలుగు ప్రసంగానికి అనువాదమని చుక్క పెట్టి రాస్తారు. నా ఇబ్బందల్లా తెలుగు చెవిన పడుతుంటే ఇంగ్లీషు మీద మనసు నిలవకపోవడం. రాయలసీమ యాస వినిపిస్తే మరీనూ.

శుక్రవారం ప్రైవేటు సభ్యుల బిల్లుల గురించి రెండే మాటలు. మంత్రులు కాని సభ్యులు ఎవరైనా పెట్టవచ్చు. ఇన్నేళ్లలో చట్టాలైనవి 14. ఆఖరిది 1970లో. మన ఎంపీ బిల్లు పెట్టాడని స్వీట్లు పంచే ముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

అపోహ: నా ఎంపీ తన ఇష్టప్రకారం ఓటేస్తాడు

పార్టీ విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం, జారీ చేస్తే కాదు. 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ముందు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తే బతికిపోతారు. విప్ ఇచ్చేది పార్టీ, స్పీకర్ కాదు. రాష్ట్రపతి ఎన్నికకు విప్ వర్తించదు.

ఇవన్నీ విన్నాక నెల్లూరు అబ్బాయికి ఉత్సాహం వచ్చింది. లోక్‌సభ వెబ్‌సైటులో చర్చలన్నీ ఉంటాయని చెబితే ల్యాప్‌టాప్ పట్టుకుని మా డైనింగ్ టేబుల్ దగ్గరికే వచ్చేశాడు. వాడు పనిచేసేది డేటా కంపెనీలో. 2023 ఆగస్టు 7న లోక్‌సభ ఆమోదించిన వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు తీశాడు. కాఫీ చల్లారిపోయేదాకా కిందికీ పైకీ వెతికాడు.

"ఓటేసినవాళ్ల పేర్లేవీ ఆంటీ?"

"మూజువాణి కదా నాయనా."