స్పెయిన్‌లో పరదేశి ప్రొటెస్టెంట్లు: సముద్రపు ఇసుక నుంచి రాజ్యాంగం దాకా

సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో పెరిగి చదువుకో ఉద్యోగానికో స్పెయిన్ వెళ్ళే తెలుగువాళ్ళకు ఇవాళ ఆదివారం ఆరాధనకు ఎక్కడికి వెళ్ళాలన్నది పెద్ద టెన్షన్ కాదు. మాడ్రిడ్‌లో 1925 నాటి సెయింట్ జార్జ్ ఆంగ్లికన్ చర్చి ఉంది. సీఎస్‌ఐ కూడా ఆంగ్లికన్ కుటుంబంలోదే కాబట్టి అక్కడ ప్రభురాత్రి భోజనానికి కూర్చోవడానికి ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. ఈ వెసులుబాటు రావడానికి నాలుగు వందల ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళూ పరదేశి ప్రొటెస్టెంటు ముందు స్పెయిన్ పెట్టిన షరతు దాదాపు ఒక్కటే: నీ విశ్వాసం నీ దగ్గరే ఉంచుకో, మావాళ్ళ దాకా రానివ్వకు. దీనివల్ల ఎక్కువ నష్టపోయింది పరదేశి కాదు, ఆ దేశంలోనే పుట్టి అదే విశ్వాసం పట్టుకున్నవాడు.

మొదట్లో అక్కడా స్వదేశీ ప్రొటెస్టెంట్లు ఉన్నారు. 1559లో వయ్యదోలిద్‌లో, సెవిల్‌లో ఇన్‌క్విజిషన్, అంటే కతోలిక మతవిచారణ న్యాయస్థానం, వాళ్ళకు బహిరంగంగా శిక్షలు వేయించింది. చాలామందిని తగలబెట్టారు. తప్పించుకున్నవాళ్ళలో ఒకరైన కాసియొదోరో దె రెయినా బైబిలును మొత్తం స్పానిష్‌లోకి తెచ్చాడు. అది 1569లో అచ్చయింది, అదీ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. సొంత భాషలో బైబిలు ఇవ్వడానికి ఆయన పరాయి దేశంలో తలదాచుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత స్పెయిన్‌లో ప్రొటెస్టెంటు అంటే విదేశీయుడే: ఓడరేవుల్లో వ్యాపారం చేసుకునే ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు, జర్మన్లు. 1604లో ఇంగ్లండుతో కుదిరిన ఒప్పందంలో వీళ్ళ సంగతి కూడా మాట్లాడుకున్నారు. జనంలో అపవాదుకు తావివ్వనంతవరకు ఇంగ్లీషు వ్యాపారిని మతం పేరుతో వేధించరు. చర్చిలోకి రమ్మని బలవంతపెట్టరు. కతోలిక గురువు దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా వాళ్ళు నమ్మే పవిత్రమైన రొట్టె, పట్టుకుని వీధిలో ఎదురొస్తే మాత్రం మోకరించాలి, లేదా పక్క సందులోకి తప్పుకోవాలి. ఆ పక్క సందును గుర్తుపెట్టుకోవాలి. అది వ్యాపారికి దొరికింది గానీ స్పెయినువాడికి మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో కూడా దొరకలేదు.

బతికున్నప్పుడు ఎలాగో సర్దుకున్నా, చచ్చాక ఏం చెయ్యాలి? శ్మశానాలన్నీ కతోలిక సంఘానివే, వాటిలో పరమతస్థుడికి చోటు లేదు. మాలగా రేవులో చనిపోయిన ప్రొటెస్టెంటు నావికుల్ని, వ్యాపారుల్ని రాత్రిపూట దివిటీల వెలుగులో సముద్రపు ఒడ్డుకు మోసుకెళ్ళి ఇసుకలో నిలువునా పూడ్చేవాళ్ళని అప్పటివాళ్ళు రాసిపెట్టారు. తర్వాత అలలు తోడేసేవి, కుక్కలు పీకేవి. 1824లో బ్రిటిష్ కాన్సల్ అయిన విలియమ్ మార్క్ దీన్ని చూసి ఊరుకోలేకపోయాడు. ఏళ్ళ తరబడి అధికారుల వెంటపడి, కొండవాలులో కాస్త జాగా సంపాదించాడు. 1831 నాటికి అది సమాధుల తోటగా తయారైంది. ఆ డిసెంబరులోనే, రాజు నియంతృత్వం మీద తిరగబడ్డ జనరల్ తొర్రిహోస్‌తో పాటు కాల్చి చంపిన ఐరిష్ యువకుడు రాబర్ట్ బాయిడ్‌ను అక్కడే పాతిపెట్టారు. పాత ప్రహరీ లోపలి తొలి సమాధుల్లో కొన్నిటి మీద రాళ్ళకు బదులు సముద్రపు గవ్వలు పరిచారు. వాటిని ఇప్పటికీ చూడొచ్చు.

మాడ్రిడ్‌లో ఈ మాత్రం చోటు దొరకడానికి ఇంకా ఆలస్యమైంది. కారబాంచెల్‌లో బ్రిటిష్ సమాధుల తోట 1854లో తెరిచారు. చర్చి గానీ ప్రార్థనామందిరం గానీ కట్టకూడదనీ, ఆరాధన ఆనవాళ్ళేవీ కనపడకూడదనీ షరతు పెట్టారు. చనిపోయినవాడికి చోటిచ్చి, అతని మీద చెప్పే ప్రార్థనకు చోటివ్వకపోవడాన్ని దయ అనడం నాకు చేతకాదు.

పరదేశికీ స్వదేశికీ ఉన్న తేడా జైళ్ళలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బ్రిటిష్ బైబిల్ సొసైటీ తరఫున బైబిలులోని 'కొత్త నిబంధన' ప్రతులు అమ్మిన జార్జ్ బారో 1838లో మాడ్రిడ్‌లో అరెస్టయ్యాడు. బ్రిటిష్ రాయబారి కలగజేసుకోవడంతో కొద్ది రోజుల్లోనే బయటపడ్డాడు. 1860లో అరెస్టయిన మాన్వెల్ మాతామోరోస్ మాత్రం స్పెయినువాడు. ఏళ్ళ తరబడి కఠిన శిక్ష వేశారు. యూరప్ దేశాల ప్రొటెస్టెంట్లు ప్రతినిధుల్ని మాడ్రిడ్ పంపి ఒత్తిడి తెస్తే 1863లో దాన్ని దేశబహిష్కారంగా మార్చారు. జైల్లోనే ఆరోగ్యం దెబ్బతిన్న ఆ యువకుడు 1866లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు.

1868 విప్లవం రాణిని గద్దె దించింది. మరుసటి ఏడాది రాజ్యాంగంలోని 21వ అధికరణం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. దేశంలో నివసించే విదేశీయులందరికీ తమ మతం ప్రకారం బహిరంగంగా గానీ ఏకాంతంగా గానీ ఆరాధించుకునే హక్కుకు ముందు హామీ ఇచ్చారు. ఆ తర్వాతే, స్పెయినువాళ్ళలో ఎవరైనా కతోలికం కాక వేరే మతం పాటిస్తుంటే వాళ్ళకూ ఇది వర్తిస్తుందని చేర్చారు. సొంత పౌరుడి హక్కు పరదేశి హక్కుకు తోకగా వచ్చింది. అలాగైనా వచ్చింది, అదే గొప్ప. 1870లో జర్మన్ పాస్టర్ ఫ్రిట్జ్ ఫ్లీడ్నర్ మాడ్రిడ్‌లో అడుగుపెట్టి బడులు మొదలుపెట్టాడు. ఆయన స్థాపించిన 'ఎల్ పోర్వెనీర్' పాఠశాల 1897లో సొంత భవనంలోకి మారింది, ఇప్పటికీ నడుస్తోంది.

1876 రాజ్యాంగం తలుపు సగం మూసింది. నమ్మకం పేరుతో ఎవర్నీ వేధించరు గానీ, కతోలిక మతానివి తప్ప వేరే మతాల ఊరేగింపులు, బహిరంగ వేడుకలు కుదరవంది. బహిరంగం అంటే ఎంతవరకు? చర్చి గోడ మీద పేరు బోర్డు పెట్టడం కూడా బహిరంగ ప్రదర్శనే అని అధికారులు తేల్చారు. ఆ బోర్డు పెట్టుకోవడానికి అనుమతి 1910లో ప్రధాని కనాలెహాస్ హయాంలో వచ్చింది. అంటే ముప్ఫై ఏళ్ళకు పైగా, దారి తెలిసినవాళ్ళు తప్ప కొత్తవాళ్ళు చర్చిని కనుక్కోలేని పరిస్థితి.

అంతర్యుద్ధం తర్వాత జనరల్ ఫ్రాంకో పాలన మళ్ళీ పాత షరతు దగ్గరికే తీసుకెళ్ళింది. స్పానిష్ ప్రొటెస్టెంట్ల చర్చిలు, బడులు మూతపడ్డాయి. బైబిల్ సొసైటీ ప్రతుల్ని స్వాధీనం చేసుకున్నారు. 1945 చట్టం ఏకాంత ఆరాధనను ఒప్పుకుని, బయటికి కనిపించేదాన్ని కాదంది. విదేశీయుల ఆరాధనల జోలికి మాత్రం పెద్దగా వెళ్ళలేదు, ఎందుకంటే వెనక రాయబార కార్యాలయాలు ఉన్నాయి. ఆ అండ లేని స్పానిష్ యువకుడు నిర్బంధ సైనిక సేవకు వెళితే కతోలిక పూజకు హాజరై మోకరించాలి. కాదంటే జైలు. చిన్నప్పుడు కతోలిక బాప్తిస్మం పొంది తర్వాత ప్రొటెస్టెంటుగా మారినవాళ్ళకు పెళ్ళి రిజిస్టరు చేయించుకోవడమే గగనమైంది.

చివరికి మార్పుకు ఊతమిచ్చింది కతోలిక సంఘమే. రెండో వాటికన్ మహాసభ 1965లో మతస్వేచ్ఛను మనిషి గౌరవానికి చెందిన హక్కుగా ప్రకటించడంతో, కతోలిక బోధనే పాటిస్తున్నామని ఫ్రాంకో ప్రభుత్వం చెప్పుకునే సాకు పోయింది. 1967లో మతస్వేచ్ఛ చట్టం వచ్చింది. 1978 రాజ్యాంగం ఏ మతమూ రాజ్యమతం కాదంది. 1992లో ఇవాంజెలికల్, అంటే ప్రొటెస్టెంటు, సంఘాల సమాఖ్యతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది.

అయినా అన్నీ సమానం కాలేదు. ఆదాయపు పన్ను ఫారంలో కొంత వాటా తన సంఘానికి వెళ్ళేలా గడి టిక్ పెట్టే వీలు కతోలికులకు ఉంది, ప్రొటెస్టెంట్లకు లేదు. పింఛన్ల సంగతీ అంతే. కతోలిక గురువులను 1977లోనే సామాజిక భద్రత పథకంలో చేర్చుకున్నారు. ఇవాంజెలికల్ పాస్టర్ల వంతు 1999లో గానీ రాలేదు. అంతకుముందు చేసిన ఏళ్ళ సేవ లెక్కలోకి రాక పింఛను పోగొట్టుకున్న ఒక స్పానిష్ పాస్టరు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళాడు. అది మతం ఆధారంగా చూపిన వివక్షేనని 2012 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది.