సాలార్ జంగ్ ఇల్లు మ్యూజియం కాదు, దివాన్ దేవిడి: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ పాతబస్తీలో హెరిటేజ్ వాక్‌లు నడిపించడం నా పని. నయాపూల్ దాటగానే ఎవరో ఒకరు సాలార్ జంగ్ మ్యూజియం వైపు చూపించి "సాలార్ జంగ్ ఇక్కడే ఉండేవారా సార్?" అని అడుగుతారు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా.

అపోహ: మ్యూజియమే ఆయన ఇల్లు.

కాదు. ఇప్పటి మ్యూజియం భవనం తెరిచింది 1968లో. ఇల్లు దివాన్ దేవిడి, అక్కడి నుంచి మదీనా సెంటర్ వైపు కాసేపు నడిస్తే వస్తుంది. అద్దాల ఐనాఖానా, గోడల నిండా పింగాణీ పొదిగిన చీనీఖానా, తోటలు, అన్నీ అందులో ఉండేవి. 1951 డిసెంబర్ 16న నెహ్రూ మొదట మ్యూజియం ప్రారంభించింది కూడా ఆ ఇంట్లోనే. తర్వాత వస్తువులు కొత్త భవనానికి వెళ్ళాయి, దేవిడి మాత్రం నిలవలేదు. మిగిలినవి పాత దర్వాజాలు, వాటి లోపల బట్టల హోల్‌సేల్ దుకాణాలు. రోజూ వాటి కింద నుంచే మూటలు మోసుకుంటూ ఎంతమంది వెళ్తారో, తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. ఎన్నిసార్లు చూసినా నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: సాలార్ జంగ్ అంటే వస్తువులు సేకరించిన ఒక్క నవాబు.

ముగ్గురున్నారు. మ్యూజియంలో మనం చూసే సేకరణలో ఎక్కువ భాగం మనవడిది, 1949లో చనిపోయిన మూడో సాలార్ జంగ్ యూసుఫ్ అలీ ఖాన్‌ది. తాత, మొదటి సాలార్ జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ మాత్రం నిజాం దివాన్‌గా, అంటే ప్రధానిగా, పాలన నడిపినవాడు. అయితే అందరూ ఆగి చూసే మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పం మాత్రం తాత 1876లో రోమ్‌లో కొన్నదే.

1853లో దివాన్ అయ్యేసరికి తురాబ్ అలీకి 24 ఏళ్ళు, ఖజానా ఖాళీ, నిజాం రాజ్యంలోని బేరార్ ప్రాంతం అప్పుడే ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, పైగా శిస్తు వసూలు గుత్తేదార్ల చేతుల్లో ఉండి రైతుని పిండేస్తోంది. ఆయన ఆ గుత్తలు తీసేసి జీతగాళ్ళైన అధికారుల్ని పెట్టారు, ఒకే ప్రభుత్వ టంకశాల నుంచి హాలీ సిక్కా అనే నాణెం నడిపించారు, 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే జిలాబందీ తెచ్చారు. తెలంగాణలో జిల్లా పాలనకు పునాది అక్కడ పడింది. నా లెక్కలో మ్యూజియం మొత్తం కంటే ఇదే పెద్ద ఆస్తి, కానీ దీన్ని అద్దాల పెట్టెలో పెట్టి చూపించలేం కదా.

అపోహ: ఉర్దూని అధికార భాష చేసింది ఆయనే.

ఆయన కాలమంతా ఫార్సీయే నడిచింది. ఆయన 1883లో కలరాతో చనిపోయారు, ఉర్దూ వచ్చింది ఆ మరుసటి ఏడు, ఆయన కొడుకు రెండో సాలార్ జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు. కానీ ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్ళని తెచ్చి ఉద్యోగాల్లో పెట్టింది మాత్రం ఈయనే, ఉద్యోగాలు స్థానికులకా బయటివాళ్ళకా అన్న ముల్కీ గొడవకి మూలాల్లో అదొకటి. ఆ మాట దాచి ఆయన్ని పొగడటం నాకు నచ్చదు.

అపోహ: ఆయన ఇంగ్లీషువాళ్ళ తొత్తు.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీలో ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు ఆయన నిలబడింది ఇంగ్లీషువాళ్ళ పక్షాన, ఇది నిజం. మౌల్వీని అండమాన్ పంపారు, తుర్రేబాజ్ ప్రాణాలే పోయాయి. ఆ రోజు గురించి వాక్‌లో చెప్పకుండా నేనెప్పుడూ వదల్లేదు. కానీ అదే మనిషి తర్వాత పాతికేళ్ళు బేరార్ తిరిగి ఇవ్వమని వాళ్ళని వదలకుండా అడిగారు, 1876లో ఇంగ్లండు దాకా వెళ్ళారు, వాళ్ళకి చిరాకు తెప్పించారు. తొత్తులు అలా చేయరు. బేరార్ మాత్రం రాలేదు.

ఆయన సమాధి పాతబస్తీలోని దాయెరా మీర్ మోమిన్ అనే శ్మశానంలో ఉంది. మ్యూజియం చూసినరోజే ఓపిక ఉంటే దేవిడి దర్వాజాలు చూసి అక్కడికీ వెళ్ళిరండి.