ఓజోన్ కేసులో చెట్టు ముద్దాయి ఎలా అయింది?

ఎండలు ముదిరి నగరాల్లో ఓజోన్ (ఆకాశంలో మనల్ని కాపాడే పొర కాదు, నేల దగ్గర పీల్చే గాలిలో హాని చేసేది) పెరిగిందని వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఇంకో మాట బయల్దేరుతుంది: "అసలు చెట్లే కాలుష్యం వదులుతాయట." ఈ మాట పూర్తిగా అబద్ధమైతే రెండు ముక్కల్లో కొట్టిపారేయొచ్చు. సగం నిజం కావడంతోనే వచ్చింది చిక్కు.

ఆకులు ఐసోప్రీన్ అనే (కార్బన్, హైడ్రోజన్ కలిసిన) హైడ్రోకార్బన్‌ను వదులుతాయని 1957లోనే సోవియట్ జార్జియా రాజధాని తిబ్లిసీలో గివి సనాద్జే కనిపెట్టారు. భూమ్మీది మొక్కలన్నీ కలిసి ఏడాదికి వదిలేది సుమారు 50 కోట్ల టన్నులు. ఓక్, పాప్లార్, మన జామాయిల్ ఇందులో ముందుంటాయి. వేడి నుంచి, ఆక్సీకరణ దెబ్బ నుంచి ఆకును కాపాడుకోవడానికే చెట్టు ఇంత కార్బన్‌ను వదులుకుంటుందని చాలామంది వృక్షశాస్త్రవేత్తలు చెబుతారు.

దీన్ని రాజకీయాల్లోకి లాగింది రొనాల్డ్ రీగన్. 1980 అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో, గాలి కాలుష్యంలో 80 శాతం దాకా మొక్కలు వదిలే హైడ్రోకార్బన్ల వల్లే వస్తోందని, కాబట్టి ఫ్యాక్టరీల మీదా కార్ల మీదా మరీ కఠినమైన నిబంధనలు వద్దని ఆయన వాదించారు. క్లేర్‌మాంట్‌లో విద్యార్థులు ఒక చెట్టుకు బోర్డు కట్టి ఆయనకు స్వాగతం పలికారు: మళ్లీ హత్య చేయకముందే నన్ను నరికేయండి! దేశమంతా నవ్వింది. ఆ నవ్వులో అసలు ప్రశ్న మరుగున పడింది. హైడ్రోకార్బన్లలో చెట్ల వాటా పెద్దదే. మరి వాటి నుంచి ఓజోన్ పుట్టడానికి ఇంకేం కావాలి?

ఆ ప్రశ్నకు జవాబు సగం అప్పటికే రీగన్ సొంత రాష్ట్రం కాలిఫోర్నియాలో ఉంది. లాస్ ఏంజలిస్ చుట్టుపక్కల పాలకూర లాంటి ఆకుకూరలు వింతగా మాడిపోతుంటే, అనాసపండు వాసనలోని రసాయనాలను తేల్చే పనిలో ఉన్న ఆరీ హాగెన్-స్మిట్ ఆ గాలిని పరీక్షించారు. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు (వాహనాల్లో, ఫ్యాక్టరీల్లో ఇంధనం మండితే వచ్చే వాయువులు), ఎండ కలిస్తే ఓజోన్ పుడుతుందని 1950ల మొదట్లో తేల్చారు. చమురు కంపెనీల డబ్బుతో నడిచిన పరిశోధనలు ఆయనను తప్పుబట్టాయి, కానీ నిలబడింది ఆయన మాటే. 1968లో కాలిఫోర్నియా గాలి కాలుష్య నియంత్రణ బోర్డుకు ఆయన్ను తొలి అధ్యక్షుడిగా పెట్టింది గవర్నర్ రీగనే. 1973లో తీసేసిందీ ఆయనే.

ఇదంతా నేపథ్యమే. మలుపు మాత్రం 1988లో అట్లాంటాలో వచ్చింది. అప్పటిదాకా అమెరికా ప్రధానంగా మనుషులు వదిలే హైడ్రోకార్బన్లనే తగ్గిస్తూ వచ్చింది, అయినా చాలా నగరాల్లో ఓజోన్ అనుకున్నంత దిగలేదు. అక్కడి జార్జియా టెక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త విలియం చమైడిస్, ఆయన సహచరులు చెట్లు నిండిన ఆ నగరానికి చెట్ల హైడ్రోకార్బన్లనూ కలిపి లెక్క కట్టారు. మనిషి వాటాను ఎంత కోసినా చెట్ల వాటా మిగిలే ఉంటుంది కాబట్టి అది ఓజోన్‌ను పోషిస్తూనే ఉంటుంది. కోయాల్సింది నైట్రోజన్ ఆక్సైడ్లను.

ఎందుకంటే, ఐసోప్రీన్ అయినా పెట్రోల్ ఆవిరి అయినా గాలిలో జరిగేది ఒకటే. ఎండలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ (దేనితోనైనా చటుక్కున కలిసిపోయే అణువు ముక్క) దాన్ని పట్టుకుని ఆక్సీకరణ మొదలుపెడుతుంది. మంట లేకుండా కాలడం అనుకోండి. మధ్యలో పెరాక్సీ రాడికల్ పుడుతుంది, దారి చీలేది అక్కడే. చుట్టూ నైట్రిక్ ఆక్సైడ్ (నైట్రోజన్ ఆక్సైడ్లలో ఒకటి) ఉంటే, పెరాక్సీ దానికి ఒక ఆక్సిజన్ అంటగట్టి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఎండ దాన్ని మళ్లీ విడగొడుతుంది. విడిపోయిన ఆక్సిజన్ పరమాణువు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ మొదటికొచ్చి ఇంకో రౌండుకు రెడీ. అది దాదాపు లేని అడవి గాలిలో పెరాక్సీలు తమలో తాము కలిసి పెరాక్సైడ్లుగా ముగుస్తాయి. ఓజోన్ పుట్టకపోగా, ఐసోప్రీన్ ఉన్న ఓజోన్‌ను కూడా కొంత తినేస్తుంది. రెండు చోట్లా చెట్టు వదిలింది ఒకటే. పక్కన పొగగొట్టం ఉందా లేదా అన్నదే తేడా.

నగరం నడిబొడ్డున నైట్రోజన్ ఆక్సైడ్లు మరీ ఎక్కువైతే అవే ఓజోన్‌ను మింగేస్తాయని, కాస్త తగ్గిస్తే మొదట్లో ఓజోన్ పెరగొచ్చని పరిశ్రమల వైపు వాళ్లు అంటారు. రసాయనం ప్రకారం అది తప్పేం కాదు. అయితే ఆ గాలే ఊరు దాటి పొలాల మీదికి వెళ్లాక ఓజోన్ పుట్టిస్తుంది, దాన్ని ఆకులే పీల్చుకుని దెబ్బతింటాయి. అమెరికాలో 1991 నాటి జాతీయ పరిశోధన మండలి నివేదిక అట్లాంటా దారిలోనే నడిచింది. 1998లో 22 రాష్ట్రాలను నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించమని పర్యావరణ సంస్థ ఆదేశించింది. చెట్లు నరకమని ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర 2009 ప్రమాణం ప్రకారం ఎనిమిది గంటల సగటు ఓజోన్ ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 (వాహనాల పొగ ప్రమాణం)తో డీజిల్ కార్ల నైట్రోజన్ ఆక్సైడ్ పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దిగింది. అదే ఏడాది, 2004-2016 మధ్య కట్టిన థర్మల్ విద్యుత్ యూనిట్లకు మాత్రం ఆ పరిమితిని ఘనపు మీటరుకు 300 మిల్లీగ్రాముల నుంచి 450కి సడలించారు. దాని మీద చెట్ల మీద జరిగినంత చర్చ జరగలేదు.